ఆవిరిపెట్టెకు మా అక్క కాపలా

మా అక్క పంకజం ఒకరి సొమ్ముకు ఆశపడే మనిషి కాదు. నగలు చూసి కుళ్ళుకోలేదు, పిల్లలు గలవాళ్ళను చూసి కుళ్ళుకోలేదు. తనకు పిల్లలు లేరు కాబట్టి కుళ్ళుకున్నా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. అలాంటి మనిషి ఒక ఇస్త్రీపెట్టెను చూసి మండిపోయింది. పెట్టెను చూసి అనడం కూడా సరికాదు, అది ఉన్న గడపను చూసి. ఈ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు లేరు. ఒకే కడుపున పుట్టాం. రాయపురంలో ఒకే వాకిట్లో ఎదురెదురు కాపురాలు, ఒకే బావి నీళ్ళు. పైగా ఆమె కుళ్ళులో సగం నేనే మోశాను.

మాది తాతల కాలంనుంచీ మద్రాసే. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాయన ఒక దొర ఆఫీసులో డఫేదారు, అంటే బంట్రోతుల మీద పెద్ద. ఆయన తెల్లకోటూ తలపాగా ఇస్త్రీ చెయ్యడం మా అమ్మ పని. అమ్మకు చేతులు వణకడం మొదలయ్యాక అది అక్కకు వచ్చింది. నాకు రాలేదు. నేను పట్టుకుంటే బట్టయినా కాలాలి, లేకపోతే ముడత మీద ముడత పడాలి. అక్కను దేవరాజులు బావకిచ్చి పంపినప్పుడు అమ్మ ఇంట్లో ఉన్న ఇత్తడి బొగ్గులపెట్టెను కూడా బండిలో పెట్టించింది. దాని మూతకు కోడిపుంజు గడియ. అది నాకిస్తే ఎంత బాగుండునని ఆనాడే అనిపించింది. "నువ్వేం చేసుకుంటావే?" అని అమ్మ అడిగేసరికి నోరు మూసుకున్నాను.

మా బావ హార్బర్లో టాలీ గుమాస్తా. ఓడలోంచి దిగే మూటలను లెక్కపెట్టి రాసుకోవడం ఉద్యోగం. మోసేవాడికి లేని సోకు లెక్కపెట్టేవాడికెందుకో! తెల్లచొక్కా, తెల్లప్యాంటు, జేబులో పెన్ను. అందగాడని నేను చెప్పకూడదు, ఆయనే చెప్పుకుంటాడు. ఉప్పుగాలికీ బొగ్గుదుమ్ముకీ తోటి గుమాస్తాలందరూ మధ్యాహ్నానికే నలిగిపోతే, ఈయన మాత్రం సాయంత్రం గేటు దాటేదాకా పెళ్ళికొడుకే. ఆ పేరు హార్బరంతా మోగిపోయింది. పేరు ఆయనది, చెయ్యి మా అక్కది.

రోజూ పొద్దున్నే అక్క కొబ్బరిచిప్పల బొగ్గు రాజేసేది. కట్టెబొగ్గయితే చిటపటలాడి రవ్వలు ఎగురుతాయి, చిప్పబొగ్గు నెమ్మదిగా కాలుతుంది. పెట్టెను వాకిట్లోకి తెచ్చి బూడిద ఊదేసేది. అడుగును అరటాకు మీద ఒకసారి రుద్దితే బట్టమీద జారుతుంది. ముందురోజు వార్చిన గంజిని పలచన చేసి, వడగట్టి, అందులో ముంచి ఆరేసిన చొక్కా మీద నీళ్ళు చిలకరించి, కాలరు దగ్గర మొదలుపెట్టేది. చివరి గుండీదాకా ఒక్క మాట మాట్లాడేది కాదు. వేడి చల్లారకముందే బావ చేతికిచ్చేది. ఆయన తొడుక్కుని, మెడ అటూ ఇటూ తిప్పి, "ఊఁ" అనేవాడు. వాళ్ళ కాపురంలో సరసమంటే అంతే. ఆ "ఊఁ" కోసమే మా అక్క బతికేది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఆయన నన్ను చూసి ఆ మాత్రం కూడా అనడు, కాబట్టి నాకు నవ్వు రాదు.

ఆంధ్రరాష్ట్రం వేరుపడిన మరుసటేడు మా వాకిట్లోకి మృణాళిని వచ్చింది. కాకినాడ పిల్ల. మద్రాసు చేజారిపోయిందని అక్కడివాళ్ళంతా ఏడుస్తుంటే ఈమె ట్రంకుపెట్టెతో మద్రాసులో దిగింది. మొగుడు వేంకటరమణ లండన్ పోయే ఓడలో స్టూవర్డు, ఏడాదిలో సగం నీళ్ళమీదే. పిల్ల చక్కగా ఉంటుంది. ఉంటే ఉండనీ. నవ్వితే ఇంకా చక్కగా ఉంటుంది, అదీ మా బాధ. వచ్చిన వారంలోనే అందరికీ వరసలు కలిపేసింది. మా బావ "అన్నయ్యగారు", అక్క "వదినగారు". అన్నయ్యా అని నోటితో అనడానికి ఖర్చేముంది!

మొగుడు ఒకసారి ఓడ దిగి వచ్చేటప్పుడు ఆమెకు ఆవిరి ఇస్త్రీపెట్టె తెచ్చాడు. దానికోసమని గోడకు ప్రత్యేకంగా ప్లగ్గు కూడా పెట్టించాడు. మా వాకిట్లో మిగతావాళ్ళకు దీపం వెలిగితే అదే గొప్ప, ప్లగ్గు ఎవరికీ లేదు. ఆ రోజు ఆడవాళ్ళమంతా వాళ్ళ గుమ్మం ముందు మూగాం. మొహం చూసుకునేంత మెరుపు, నల్లటి పిడి, గుడ్డ చుట్టిన తీగ. చివరి గదిలో ఉండే మునియక్క వంగి వంగి చూసింది.

"నిప్పు యాడుండాదిమ్మే?"

"నిప్పుండదండీ, కరెంటు. ఇదుగో ఇక్కడ నీళ్ళు పోస్తే కింద చిల్లుల్లోంచి ఆవిరి వస్తుంది. బట్టమీద నీళ్ళు చిలకరించక్కర్లేదు."

"అయ్యయ్యో! ఇస్త్రీపెట్టెలో నీళ్ళా? ఈ లోకం ఇంక నిలవదు పో!" అని మునియక్క బుగ్గ నొక్కుకుంది.

అక్క ఇంటికొచ్చి తన ఇత్తడిపెట్టెను చింతపండుతో తోమింది. అంతకుముందు రోజే తోమి ఉంది.

అసలు చిక్కు ఒక పొద్దున వచ్చింది. బొగ్గులో ఎక్కడిదో కట్టెముక్క కలిసిపోయింది. చొక్కా మీద పెట్టె ఆనించగానే టప్పుమని రవ్వ ఎగిరి జేబు పక్కన చిల్లు పడింది. బావకు ఆలస్యమైపోతోంది. "ఏమే, కండ్లు యాడ పెట్టుకోని చేస్తావుండావు?" అని అరిచాడు. ఆ అరుపుకు మృణాళిని బయటికొచ్చి, "ఇంకో చొక్కా ఉంటే ఇటివ్వండి వదినగారూ, ఒక్క నిమిషంలో అయిపోతుంది" అంది. వదినగారు ఇవ్వలేదు. అన్నయ్యగారే తీసుకువెళ్ళి ఇచ్చాడు. బుస్సుబుస్సుమని ఆవిరి. వక్క కొరికినంతసేపట్లో చొక్కా వచ్చింది. బావ అక్కడే, ఆమె గుమ్మంలోనే తొడుక్కుని, మెడ అటూ ఇటూ తిప్పాడు. "ఊఁ" అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "రొంబ బాగుండాదిమ్మా!" అని కూడా అన్నాడు.

అక్క చేతిలో వేడిపెట్టె అలాగే ఉండిపోయింది. నేను చూశాను.

ఆ మర్నాటినుంచీ బావ రాత్రే తన చొక్కా తీసి పక్కింటి కిటికీలో పెట్టేవాడు. పొద్దున అక్క బొగ్గు రాజేస్తుంటే, "నీకెందుకా తొందర, ఆ అమ్మి చేసిస్తుంది లే" అనేవాడు. ఎంత ప్రేమ! ఇన్నేళ్ళు రానిది, పెళ్ళాం చేతులు కాలతాయన్న బాధ అప్పుడే ముంచుకొచ్చింది.

అక్క నా దగ్గరికొచ్చి కూలబడింది. "వరదా, నా మొగుని చొక్కా ఇంకొకత్తి చేత్తో తడిమేదా? కాలరు నిమిరి, చేతులు మడిచి, గుండీలు పెట్టి... నాకి కడుపు కాలిపోతా ఉండాదే" అని బొటబొటా కన్నీళ్ళు కార్చింది.

నేను సర్దిచెప్పాలి కదా? చెప్పలేదు. "కాలదా మరి! నేనైతే ఆ పెట్టెను బావిలో పారేసుందును" అన్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

కానీ బావిలో పారెయ్యనక్కర్లేకుండా మా బావే దాని పని పట్టింది. అంటే మా వాకిట్లో బావి. రాయపురం బావి నీళ్ళ సంగతి తెలియనిదెవరికి? కాఫీ కాచే గిన్నెకు లోపల తెల్లగా సున్నం గడుతుంది. మృణాళిని ఆ నీళ్ళే పెట్టెలో పోసింది. కొన్నాళ్ళకు ఆవిరి తగ్గింది. తర్వాత చిల్లుల్లోంచి తెల్లపొడి రాలడం మొదలైంది. ఆ తర్వాత ఆవిరికి బదులు నీళ్ళు ఉమ్మేది. లండన్ పెట్టెకు రాయపురం జబ్బు పట్టుకుందని నాకు సంతోషం వేసింది. అక్కకు కూడా వేసింది, కాని ఒక్క పూటే.

ఎందుకంటే ఆ ఆదివారం మా బావ గుండుసూది పట్టుకుని వెళ్ళి మృణాళిని అరుగు మీద బైఠాయించాడు. ఒళ్ళో ఇస్త్రీపెట్టె బోర్లించుకుని ఒక్కో చిల్లూ పొడుస్తూ కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడి కాఫీ ఇస్తుంది, విసనకర్రతో విసురుతుంది, "మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ అన్నయ్యగారూ" అంటుంది. సొంతింటి తలుపు గడియ ఊడి వేలాడుతుంటే దానికి మేకు కొట్టని మహానుభావుడు! చిల్లులు ఆ రోజుకు తెరుచుకునేవి, నాలుగు రోజుల్లో మళ్ళీ మూసుకునేవి. మళ్ళీ ఆదివారం, మళ్ళీ గుండుసూది, మళ్ళీ కాఫీ.

బావి దగ్గర మునియక్క ఊరుకుంటుందా? "ఏమే పంకజం, మీ ఆయన హార్బర్ పని వదిలేసినాడా? ఇస్త్రీపెట్టెలకి డాక్టరయినాడంట కదా!" అంది. నీళ్ళు తోడుతున్నవాళ్ళంతా పక్కున నవ్వారు. అక్క బిందె సగం నిండకుండానే చంకనెత్తుకుని వచ్చేసింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే.

చొక్కాలు పోతే పోయాయి, ఇప్పుడు మనిషే పోయేట్టున్నాడు. అప్పటిదాకా అక్కది కుళ్ళు, ఇప్పుడు భయం.

ఇంతలో మా బావకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆవిరితో చేసిన చొక్కా నున్నగా ఉంటుంది గాని పెళపెళలాడదు. మధ్యాహ్నానికి మెత్తబడి వేలాడుతుంది. గంజి పెట్టి ఆరేసి మళ్ళీ ఇస్త్రీ చెయ్యడం రెండు పనులు కదా, గంజినే పెట్టెలో పోసేస్తే? ఆవిరితోపాటు గంజి కూడా వచ్చి చొక్కాకు పడుతుంది కదా?

"పాడైపోతుందేమోనండీ, మావారు నీళ్ళే పొయ్యమన్నారు" అని మృణాళిని నసిగింది.

"సుమ్మా ఉండమ్మా! లండన్ వాండ్లకి గంజి యాడిది? వాండ్లు రొట్టె తినేవాండ్లు. వాండ్లకి అన్నముంటే ఆ పెట్టెలో గంజే పొయ్యమని చెప్పుందురు" అన్నాడు మా బావ.

ఇంటికొచ్చి, "కొంచెం గంజి ఇయ్యవే, పలచగా" అన్నాడు. మళ్ళీ బొగ్గులపెట్టె మీద మనసు పోయిందనుకుని అక్క మొహం విప్పారింది. వడగట్టిన గంజినే ఇంకోసారి సన్నగుడ్డలో వడగట్టి గిన్నెలో పోసి ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని పక్కింట్లోకి వెళ్ళాడు. ఆ గిన్నె వెళ్ళిన దిక్కు చూసి ఆమె ముఖం ఏమైందో నేను వర్ణించలేను.

కాసేపటికి వాకిలంతా మాడిన అన్నం కంపు. ఎవరింట్లో అడుగంటిందని అందరూ పొయ్యిల దగ్గరికి పరిగెత్తారు. అడుగంటింది పొయ్యిమీద కాదు, లండన్ పెట్టెలో. బుస్సుమని ఒకసారి గోధుమరంగు చీదింది, చొక్కా ముందుభాగమంతా మరకలయ్యాయి. తర్వాత గురగురమని మూలిగి ఆవిరి పూర్తిగా ఆగిపోయింది. మృణాళిని వలవలా ఏడ్చేసింది. "ఆయన వచ్చి అడిగితే ఏం చెప్పను? అంత దూరంనుంచి మోసుకొచ్చారు నాకోసం" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు జాలి వేసిందా అంటే కొంచెం వేసింది. ఏడ్చినా చక్కగానే ఉంది, అందువల్ల ఎక్కువ వెయ్యలేదు.

మా బావ ధైర్యం చెప్పాడు. "ఏడవొద్దమ్మా. మౌంట్‌రోడ్డులో కరెంటు సామాన్ల కొట్టుండాది. రేపు లీవు పెడతాను. ఇద్దరం బస్సులో పోయి చూపించుకోని వొస్తాం."

ఇద్దరం! ఆ మాట వినగానే మా అక్క కొంగు బిగించుకుని వాకిలి దాటింది. ఆ పిల్ల కాపురానికొచ్చిన తర్వాత అక్క ఆ గడప ఎక్కడం అదే మొదలు. "మౌంట్‌రోడ్డుకి ఎవురూ పోబళ్ళేదు. అడుగంటిన గిన్నెని ఎవురైనా మౌంట్‌రోడ్డుకి తీసుకోని పోతారా? ఇట్టియ్యి" అని ఆ పెట్టెను లాక్కుంది. మా బావ ఏదో అనబోతే, "మీరు పొయ్యి స్నానం చెయ్యండి" అంది. ఆ గొంతు విని ఆయన నిజంగానే వెళ్ళి స్నానం చేశాడు.

మాడిన గిన్నెను గీకకూడదు, నానబెట్టాలి. అక్కకు తెలిసింది అంతే. ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, గోరువెచ్చటి నీళ్ళు పోసి ఉంచింది. ఊపి పారబోసింది. నల్లటి పెళ్ళలు, చెప్పరాని కంపు. మళ్ళీ పోసింది. చింతపండు పులుసు పోద్దామా అని నేనడిగాను, నోరూరుకోక. "ఒక గుజ్జు తీసేదానికి ఇంకో గుజ్జా? బుద్ధుండాదా నీకి?" అని కసిరింది. దొరసానులు ఊరగాయల్లో పోసే వినిగర్ తెప్పించి, నీళ్ళు కలిపి పోసి, వేడెక్కించింది. సున్నమూ గంజీ కలిసి పాత పంచె మీదికి బుడగలు బుడగలుగా వచ్చాయి. పారబోసి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, మళ్ళీ వేడెక్కించింది. చిల్లుల్ని గుండుసూదితో కాదు, నానిన చీపురుపుల్లతో తుడిచింది. సూది గీతలు పడి అప్పటికే అడుగంతా గరుకెక్కి ఉంది, అది డాక్టరుగారి వైద్యం. అడుగుకు పట్టిన మాడు మీద తడిగుడ్డలో ఉప్పేసి రుద్దింది. చీకటి పడేవేళకు ఆ పెట్టె తెల్లటి ఆవిరి వదిలింది. మృణాళిని మా అక్క కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. అక్క కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి నేనడిగాను. "అదేమే అక్కా, పోయిందని నువ్వూ నేనూ పండగ చేసుకోవాల్సింది పోయి బాగు చేసినావే?"

"నీకి తెలీదు వరదా. ఆ పెట్టె చెడిపోకూడదు. చెడిపోతే ఈయన ఆ గడప ఎక్కతాడు. అది ఎప్పుడూ బాగుండాల, నా చేత్తో నేను చూసుకోవాల."

సవతికి జలుబు చేస్తే మిరియాల కషాయం కాచిచ్చే ఆడదాన్ని అప్పుడే చూశాను. అక్కడినుంచి మా అక్క ఆ పెట్టెకు కాపలా కూర్చుంది. బావ హార్బర్‌కు వెళ్ళగానే పక్కింటికి వెళ్ళేది. బావినీళ్ళు దాని దరిదాపులకు రానిచ్చేది కాదు. దీపావళి ముందు ఐప్పసి నెల వానలు పట్టగానే చూరునీళ్ళు కూడా వద్దని నడివాకిట్లో ఆకాశం కింద గిన్నెలు పరిచి, పట్టిన నీళ్ళు గుడ్డలో వడగట్టి జాడీలకెత్తింది. పిచ్చి పట్టిందేమోనని మునియక్క నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. పెట్టె బాగా కాలకముందే నీళ్ళు పోస్తే ఆవిరి కాకుండా బొట్లుగా కారుతుందని కనిపెట్టింది అక్కే. పని కాగానే వేడిమీదే మిగిలిన నీళ్ళు వంచేసేది, లేకపోతే లోపల తుప్పు. మొహం మీద ఎప్పుడూ పడుకోబెట్టేది కాదు, మడమ మీద నిలబెట్టేది. మృణాళిని ఒకసారి మరిచిపోయి పడుకోబెడితే అత్తగారిలా విరుచుకుపడింది. ఆ పిల్ల నవ్వేసి, "మీరే చేసేయండి వదినగారూ, నా చేతిలో అది బుసలు కొడుతుంది" అని తన జాకెట్లూ, మా బావ చొక్కాలూ అన్నీ అక్క ముందు పడేసింది.

ఇక్కడ కథ ఎటు తిరిగిందో చూడండి. పగలు బావ చొక్కా అక్కే గంజిపెట్టి, ఆరేసి, ఆవిరితో ఇస్త్రీ చేస్తుంది. మర్నాడు పొద్దున అది మృణాళిని కిటికీలోంచి మా బావ చేతికి వెళుతుంది. గంజికి గంజి, నునుపుకు నునుపు. అలాంటి చొక్కా ఆయన జన్మలో తొడుక్కోలేదు. ఆయన మెడ అటూ ఇటూ తిప్పి కిటికీవైపు చూసి, "ఊఁ! ఏం పనిమ్మా!" అంటాడు. అక్క వంటింట్లోంచి వింటుంది. మృణాళిని నిజం చెప్పబోతే అక్కే గుమ్మంలోకి వచ్చి కళ్ళతో వద్దనేది.

"చెప్పవే, ఆ చెయ్యి నాదని చెప్పవే!" అని నేను పళ్ళు కొరికాను.

"నేనెందుకు చెప్పాల? ఇన్నేండ్లు నా చేతి చొక్కానే కదా తొడుక్కున్నాడు. చూస్తే తెలీబళ్ళేదా?" అంది అక్క.

తెలుస్తుందని ఆమె నమ్మకం. ఇవాళ కాకపోతే రేపు కాలరు తడిమి, "ఇది నీ చెయ్యి గదే" అంటాడని. ఆయన రోజూ కిటికీకే చెప్పాడు. మొదట్లో ఆ మెప్పు దొంగతనంగా తనదేనని అక్క లోలోపల మురిసింది. రాను రాను ఆ మురిపెం విరిగిపోయింది. పని తనది, పొగడ్త ఆమెది. ఇంకా బాగా చేసేది, ఆయన ఇంకా బాగా ఆమెనే పొగిడేవాడు. పరాయిదాని చేతికి కుళ్ళుకున్నవాళ్ళు కోటిమంది. తన చేతికే తాను కుళ్ళుకున్నదాన్ని నేను మా అక్కనే చూశాను. తిండి తగ్గింది, నాతో మాటలు తగ్గాయి. ఇస్త్రీ మాత్రం తగ్గలేదు.

సంక్రాంతి వెళ్ళాక తై నెలలో సౌకార్‌పేటలో మా చుట్టాల పెళ్ళి వచ్చింది. మృణాళినిని కూడా పిలిచారు, వచ్చింది. మా బావ కొత్త పాప్లిన్ చొక్కాలో వెలిగిపోతున్నాడు. దానిమీద అక్క మధ్యాహ్నమంతా పెట్టింది, నేను సాక్షి. పందిట్లో మా గోపాలస్వామి మామ ఆ చొక్కా చెయ్యి పట్టుకుని తడిమి, "ఏమయ్యా దేవరాజులు, ఏ లాండ్రీలో వేస్తావుండావు? మాకీ చెప్పు" అన్నాడు.

"లాండ్రీనా? మా పక్కింటి మృణాళిని హస్తవాసి మామా. ఆవిరిపెట్టె. మా ఇంటామె ఉండాదే, ఆ బొగ్గులపెట్టెతో జన్మంతా తోమినా ఈ నునుపు రాదు" అన్నాడు మా బావ, పదిమందికీ వినబడేట్టు.

అక్క అక్కడే చందనం గిన్నె పట్టుకుని ఉంది. చుట్టాలు ఆమె వైపు చూశారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ రోజు తోడికోడళ్ళు, వదినలు, మేనత్తలు అందరూ ఉన్నారు నవ్వడానికి.

అప్పుడు మృణాళిని ముందుకొచ్చింది. "అయ్యో అదేంటండీ అన్నయ్యగారూ! గంజి పోసి పాడుచేశారు చూడండి, ఆనాటినుంచీ మీ చొక్కా నేను ముట్టుకుంటే ఒట్టు. అన్నీ వదినగారే చేస్తున్నారు. ఇదీ ఆవిడే. నేను కిటికీలోంచి అందిస్తానంతే."

అదీ నేను ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన ఘడియ. అక్క తలెత్తి బావ ముఖంలోకి చూసింది. ఏదో ఒక్కటి అంటాడు, అది విని మిగతా జన్మ గడిపేస్తుంది. మా బావ చొక్కా వైపు చూసుకున్నాడు. కాలరులో వేలు పెట్టి లాగి చూశాడు.

"అదా సంగతి! అందుకే పొద్దున్నించీ ఈ కాలరు మెడకి గుచ్చుకుంటా ఉండాది" అన్నాడు.

అందరూ నవ్వారు. మృణాళిని నవ్వలేదు. అక్క నిదానంగా చందనం గిన్నె పక్కవాళ్ళ చేతికిచ్చింది. ఇంటికి తిరిగి వస్తూ నేను రిక్షాలో దారిపొడుగునా మా బావను తిట్టాను. అక్క వినిపించుకున్నట్టు కూడా లేదు.

మర్నాడు పొద్దున మా బావ స్నానం చేసి బనీనుతో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీలో చొక్కా లేదు. "ఏమే, చొక్కా యాడ? టైమయింది!" అని కేక. లోపల బుస్సుబుస్సుమని ఆవిరి చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి అక్క మృణాళిని గదిలోంచి బయటికొచ్చింది.

ఆకుపచ్చ కంచి నూలుచీర. పమిట అంచునుంచి పాదాల మీది కుచ్చిళ్ళదాకా ఎక్కడా ఒక్క ముడత లేదు. మా అమ్మ కడుపున పుట్టి ఎంతోమంది బట్టలు ఇస్త్రీ చేసిన ఆ మనిషి, తన చీర ఇస్త్రీ చేసుకోవడం నేను అంతవరకూ చూడలేదు. మా అక్క అంత బాగుంటుందని నాకూ తెలియదు. నిజం చెబుతున్నా, నాకు కుళ్ళు పుట్టింది.

"చొక్కా ఏదే అంటే?" అన్నాడు బావ, గొంతు కొంచెం తగ్గించి.

"వాననీళ్ళు అయిపోయినాయి. మిగిలిన నీళ్ళు నా చీరకి సరిపోయినాయి."

"యాడికి పోతావుండావు?"

"యాడికీ లేదు."

"మరి ఎవురికోసం ఈ సింగారం?"

అక్క ఇంట్లోకి వెళ్ళి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. బావ ఖాళీ కిటికీవైపు ఇంకోసారి చూశాడు. తర్వాత తీగమీద ఆరేసిన చొక్కా లాక్కుని, దులిపి, తొడుక్కుని, నలిగిన కాలరుతో హార్బర్‌కు వెళ్ళాడు. వీధి మలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాడు.

అక్క కాపురానికొచ్చిన తర్వాత మా బావ పనివేళ ఇంటికి రావడం ఎవరూ ఎరగరు. హార్బర్ గేటు లోపలే తిండి, లోపలే కునుకు. ఆ రోజు నడిమధ్యాహ్నం, నేను అరుగు మీద బియ్యం ఏరుతుంటే, చెమటలు కక్కుకుంటూ వచ్చేశాడు. "గొడుగు మర్చిపోయినాను" అన్నాడు. తై నెల, ఆకాశంలో మబ్బు తునక లేదు. గొడుగు గుమ్మం పక్కనే ఉంది, దాన్ని చూడను కూడా లేదు. ముందుగది చూశాడు, వంటిల్లు చూశాడు, పెరటి తలుపు తీసి చూశాడు. వచ్చి అక్క కుచ్చిళ్ళవైపు చూశాడు.

"ఎవురన్నా వొచ్చినారా?" అని అడిగాడు.

అక్క లేచి కుండలోంచి చల్లటి నీళ్ళు ముంచి ఆయన చేతికిచ్చింది. ఎవరూ రాలేదని మాత్రం చెప్పలేదు.